కాలు తీసినా తగ్గని బండి

ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు పక్కన, బస్ డిపో దాటాక, ఇరవై రెండేళ్లు కార్లు బాగుచేశాను. అంతకుముందు పదహారేళ్లు వేరేవాళ్ల దగ్గర పనిచేశాను. పోయిన ఎండాకాలం మోకాళ్లు ఇక వంగమని మొరాయించాయి. షాపును సంతోష్‌కు అప్పగించాను. డిప్లొమా చదివినవాడు, చేతిలో పనితనం ఉన్నవాడు. తాళాలు తీసుకున్న రోజు అతను నాతో అన్నాడు:

"యాదగిరన్నా, నువ్వు నోటితోని చెప్పిందంత నాకు యాదికుండదు. జర రాసియ్యి. నేను చదువుకుంట, నా అసొంటోళ్లు ఇంకో నలుగురు చదువుకుంటరు."

ఏం రాయాలా అని చాలా రోజులు ఆలోచించాను. ఇంజను ఎలా విప్పాలో, ఎలా బిగించాలో చెప్పే వీడియోలు ఫోనులో బోలెడున్నాయి. నాకంటే బాగా చెప్పేవాళ్లున్నారు. వాళ్ల దగ్గర దొరకనివి నా దగ్గర రెండే ఉన్నాయి: నాకు పని నేర్పిన మనుషులు, నేను చేసిన తప్పులు. అన్నీ రాయబోతే తెగదు కాబట్టి ఒక్క జబ్బు గురించే చెబుతాను. యాక్సిలరేటర్ పెడల్ పట్టేయడం. డ్రైవరు కాలు తీసినా పెడల్ పైకి లేవదు. ఇంజను అరుస్తూనే ఉంటుంది. బండి ముందుకు లాగుతూనే ఉంటుంది. బాగుచేయడానికి ఇది పెద్ద పనేమీ కాదు. కనిపెట్టడమే కష్టం. మీ దగ్గరికి వచ్చేసరికి బండి ఏమీ ఎరగనట్టు ఉంటుంది.

సత్తార్ ఉస్తాద్ మొదట చెయ్యి పెట్టిన చోటు

మా నాన్న ఎడ్లబండ్ల చక్రాలు చేసేవాడు. ఊళ్లో ఎడ్లబండ్లు తగ్గిపోతున్న రోజుల్లో నన్ను మలక్‌పేటకు తీసుకెళ్లి సత్తార్ ఉస్తాద్ ముందు నిలబెట్టాడు. "చక్రం పని మావోనికి ఎరుకనే భాయ్. తక్కినది నువ్వు నేర్పు" అన్నాడు. ఉస్తాద్ నవ్వి, నా రెండు చేతులూ పట్టుకుని వేళ్లు చూసి, రేపట్నించి రమ్మన్నాడు. కార్లు బాగుచేసే ఆయన రేకుల షెడ్డులోనే పదేళ్లు ఉన్నాను.

ఒకరోజు ఓ పెద్దాఫీసరు కారు వచ్చింది. యాక్సిలరేటర్ పట్టేస్తోందని అప్పటికే ఇద్దరు మేస్త్రీలకు చూపించాడట. ఒకడు కేబుల్ మార్చాడు. ఇంకొకడు కార్బురేటర్ విప్పి కడిగాడు. అయినా పట్టేస్తూనే ఉంది. నేను ఉత్సాహంగా బానెట్ ఎత్తబోయాను.

"అరే, బానెట్ ముట్టకు. మొదలు కింద చూడు" అన్నాడు ఉస్తాద్.

డ్రైవర్ వైపు తలుపు తీసి, నేలమీద కూర్చుని, పెడల్ కింద చెయ్యి పెట్టాడు. లోపల్నుంచి దళసరి రబ్బరు మ్యాటు ఒకటి బయటికి లాగాడు. పాత మ్యాటు మీదే కొత్తది పరిచారు. దాని అంచు పైకి లేచి, పెడల్‌ను గట్టిగా తొక్కినప్పుడల్లా దాన్ని కిందే పట్టేసుకుంటోంది. స్పానర్ ముట్టకుండానే పని అయిపోయింది. నేను పక్కుమన్నాను. ఆఫీసరు మొహం చిన్నబోయింది.

కారు వెళ్లిపోయాక ఉస్తాద్ నన్ను పిలిచాడు. ఆయన ఎప్పుడూ గట్టిగా అరిచేవాడు కాదు. "ఎందుకు నవ్వినవ్? ఆయన పానం పోతుండె. పానం పోతదని భయపడ్డోని ముంగట నవ్వుతరా?" అన్నాడు. అంతే. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు.

పని నేర్పేవాళ్లు చాలామంది దొరుకుతారు. పనితోపాటు మర్యాద కూడా నేర్పిన గురువు నాకు దొరికాడు. ఇప్పటి బండ్లకు కేబుల్ ఉండదు, పెడల్ దగ్గర సెన్సార్ ఉంటుంది, తీగల్లో కరెంటు వెళ్లి ఇంజనుకు చెబుతుంది. కంప్యూటర్ పెట్టి చూస్తే లోపం ఏదో చెప్పే నంబరు వస్తుంది. చూడండి, తప్పేమీ లేదు. కాని నంబరు చూసే ముందు మ్యాటు చూడండి. రబ్బరు మ్యాటు సంగతి కంప్యూటర్‌కు తెలియదు.

షోరూంలో ఆరేళ్లు

ఆ తర్వాత నగరంలోనే ఒక షోరూంలో చేరాను. అక్కడి వర్క్స్ మేనేజరు ప్రభాకర్ సారు. ఇస్త్రీ చొక్కా నలగకుండా సాయంత్రం దాకా ఉండే మనిషి. ఆయన చేతికి గ్రీసు అంటడం నేను చూడలేదు, అందుకని మొదట్లో ఆయనంటే నాకు గురి ఉండేది కాదు.

ఒకసారి ఒకాయన బండి తెచ్చి ఎత్తుమీద పోతుంటే దగ్గుతోంది అన్నాడు. నేను బండి జబ్బు రాసే కార్డు మీద మిస్‌ఫైర్ అని, అంటే ఇంజనులో నిప్పు సరిగా అంటడం లేదని, రాశాను. ప్రభాకర్ సారు కార్డు చూసి నన్ను పిలిచాడు.

"కస్టమర్ ఏమన్నడు?"

"దగ్గుతుందన్నడు సార్."

"మరి నువ్వేం రాసినవ్? ఆయన చెప్పింది ఆయన మాటల్లనే రాయి. నీ మాట పెడితే, ఆ మాట ఎంబడే పోతవ్."

నిజంగానే నేను స్పార్క్ ప్లగ్గులు మార్చడానికి సిద్ధంగా ఉన్నాను. తీరా చూస్తే ప్లగ్గులు బాగానే ఉన్నాయి. పెట్రోలు వచ్చే దారిలో మట్టి పేరుకుంది, ఎత్తు ఎక్కేటప్పుడు సరిపడా అందడం లేదు. ఆ రోజునుంచి ఆయన చొక్కా గురించి ఆలోచించడం మానేశాను.

షోరూంలో ఒక చెడ్డ అలవాటు కూడా అంటుకుంది. అక్కడ ప్రతి పనికీ ఇన్ని నిమిషాలని ఉండేది. ఆ నిమిషాల్లో జబ్బు కనబడకపోతే లోపం కనబడలేదు అని రాసి బండి అప్పగించేసేవాళ్లం. కనబడలేదు అనేదానికీ, లేదు అనేదానికీ చాలా తేడా ఉంది. రోజూ రాస్తూ పోతే ఆ తేడా మనకే గుర్తుండదు. ఇబ్రహీంపట్నం వచ్చి సొంతంగా షాపు పెట్టుకున్నప్పుడు, కార్డు మీద కస్టమరు మాట రాసే మంచి అలవాటును అక్కడే వదిలేసి, ఈ తొందరను మాత్రం వెంట తెచ్చుకున్నాను.

ఇసుక కుప్ప

ఇది నాలుగేళ్ల కిందటి మాట. చెరువు అవతలి ఊళ్లో బాల్‌రెడ్డి అని ఒక రైతు. ఆయనకు పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. మాట కూడా సరిగా తిరగదు. వారానికి మూడు రోజులు సాగర్ రోడ్డు మీద నగరం వైపున్న దవాఖానకు తీసుకెళ్లి వ్యాయామం చేయించాలి. మొదట్లో తమ్ముడు సత్తిరెడ్డి తీసుకెళ్లేవాడు. తర్వాత అతనికి తీరిక లేకపోయింది. అప్పుడు బాల్‌రెడ్డి భార్య భారతమ్మ నలభై ఆరేళ్ల వయసులో డ్రైవింగ్ స్కూల్లో చేరింది. లైసెన్సు తెచ్చుకుంది. ఏడు నెలలు భర్తను పక్కన కూర్చోబెట్టుకుని గీత పడకుండా బండి నడిపింది. పాత కారు, పెడల్‌కు కేబుల్ ఉండే రకం. దాని పనంతా నా దగ్గరే జరిగేది.

చైత్రమాసపు ఎండల్లో ఒక మధ్యాహ్నం ఆ కారును ట్రాక్టర్‌కు తాడు కట్టి నా షాపుకు లాక్కొచ్చారు. ముందు బంపర్ చీలిపోయింది. జాలీ నిండా ఇసుక. మార్కెట్ దగ్గర, కడుతున్న ఇంటి ముందున్న ఇసుక కుప్పలోకి దూసుకుపోయిందట. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. వెనకాలే ఆటోలో భారతమ్మ, బాల్‌రెడ్డి వచ్చారు. ట్రాక్టర్ మీద సత్తిరెడ్డి.

"యాదగిరన్నా, జర చూడు" అన్నాడు సత్తిరెడ్డి దిగుతూనే. "మా వదిన బ్రేకనుకోని యాక్సిలరేటర్ తొక్కింది. నలుగురి పానాలు పోతుండె."

భారతమ్మ ఆటో దిగి వచ్చింది. "నేను బ్రేకే తొక్కిన. కాలు తీసినా ఆ పెడల్ పైకి రాలె" అంది.

"అందరు గట్లనే అంటరు వదినా."

నేను సీట్లో కూర్చుని పెడల్ పదిసార్లు తొక్కాను. పదిసార్లూ టక్కున పైకి వచ్చింది. కింద మ్యాటు చూశాను, సరిగానే ఉంది. బానెట్ ఎత్తి ఇంజను దగ్గర కేబుల్ లాగే చిన్న చక్రాన్ని వేలితో తిప్పి వదిలాను. అదీ వెనక్కి తిరిగింది. పైనుంచి కనబడినంత మేర కేబుల్ చూశాను. ఇరవై నిమిషాల్లో పరీక్ష ముగించాను. ఇంజను అప్పటికి రెండు గంటలుగా ఆగి చల్లగా ఉంది. ఆ సంగతి నాకు పట్టలేదు.

"పెడల్ మంచిగనే ఉన్నది రెడ్డీ" అన్నాను. "కొత్తగ నేర్చుకున్నోళ్లకు గట్లయితది. ఫికర్ చెయ్యకు."

షాపులో అప్పుడు ఏడెనిమిది మంది ఉన్నారు. భారతమ్మ నా మొహంలోకి చూసింది. ఏమైనా అంటుందేమో అనుకున్నాను. కొంగు సర్దుకుని ఆటో వైపు వెళ్లిపోయింది. సత్తిరెడ్డి తాళం జేబులో వేసుకుంటూ, "ఇన్నవా వదినా? ఇగ బండి ముట్టకు" అని వెనకనుంచి కేకేశాడు.

ఈ పనిలోకి వచ్చేవాళ్లు ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఆ కారులో లేని మనిషి నాతో మాట్లాడాడు, అతను చెప్పింది నమ్మాను. పెడల్ మీద కాలు పెట్టిన మనిషి ఎదురుగా నిలబడి ఉంటే ఒక్క ప్రశ్న అడగలేదు. ఎంతసేపు నడిపాక పట్టింది, ఏసీ వేశారా, ఇంతకుముందు ఎప్పుడైనా బిగుసుగా అనిపించిందా, ఏదీ అడగలేదు. ఆడమనిషి, కొత్త డ్రైవరు అని నా మనసులో ముందే జవాబు ఉంది. దాచుకోవడానికేం లేదు.

కొంగరకలాన్ తొవ్వలో

బంపర్ మార్చి కారు పంపించాను. రెండు వారాల తర్వాత, ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు అదే కారు మళ్లీ వచ్చి షాపు ముందు ఆగింది. లోపల భారతమ్మ ఒక్కతే.

"సత్తిరెడ్డి తాళమిచ్చిండా అక్కా?" అన్నాను.

"బీరువల రెండో తాళం ఉన్నది. సత్తిరెడ్డికి చెప్పలే." ఇంజను ఆపలేదు. "నువ్వచ్చి పక్కన కూసో. నేను నడుపుత, నువ్వు చూడు. పెడల్ పట్టకపోతే ఇగ జిందగీల బండి ముట్ట. పడితే మాత్రం మా ఇంటికొచ్చి నువ్వే చెప్పాలె."

షాపులో రెండు బండ్లు విప్పి ఉన్నాయి. తర్వాత చూద్దామని చెప్పబోయాను. ఆమె నా మాట రానివ్వలేదు.

"దవాఖానకు పోక రెండు వారాలాయె అన్నా. సత్తిరెడ్డికి తీరుత లేదు. ఆటోల కూసోవెడితే మా ఆయన పక్కకు ఒరుగుతున్నడు, నేను పట్టలేకపోతున్న. జర జర కదిలే చెయ్యి మల్ల బిగుసుకపోతున్నది. నువ్వన్న ఒక్క మాటకు."

నేను చేతులు తుడుచుకుని వెళ్లి పక్క సీట్లో కూర్చున్నాను.

ఆ రోజు ఎలా నడిపిందో అలాగే నడపమన్నాను. ఏసీ వేసింది. కొంగరకలాన్ మీదుగా తుక్కుగూడ దాకా వెళ్లి వెనక్కి తిరిగాం. దారి పొడవునా ప్లాట్ల బోర్డులు, మధ్యమధ్యలో ఇంకా మిగిలిన చేలు. ఆమె బండి నడిపే తీరు చూస్తుంటే నాకు లోపల ఏదో గుచ్చుకోవడం మొదలైంది. అద్దం చూడకుండా పక్కకు జరగడం లేదు. గేరు మార్చినప్పుడు బండి కుదపడం లేదు. పెడల్ మీద కాలు తడబడే మనిషి ఇలా నడపదు.

వెనక్కి వస్తూ కొంగరకలాన్‌లో కొత్త ఆఫీసుల దగ్గరికి చేరాం. ముందు ఒక లారీ నెమ్మదించింది. భారతమ్మ కాలు తీసింది. బండి నెమ్మదించలేదు. ఇంజను గొంతు తగ్గలేదు.

"గదే" అంది ఆమె. "చూసినవా? నా కాలు చూడు."

చూశాను. కుడికాలు పూర్తిగా పైకెత్తి పట్టుకుంది. పెడల్ మాత్రం ఎవరో అదృశ్యంగా తొక్కి పట్టినట్టు కిందే ఉంది. లారీ వెనక భాగం మా మీదికి వస్తోంది. నేను తలుపు మీది పిడి రెండు చేతులతో పట్టుకుని, నా ముందు లేని బ్రేకును తొక్కుతున్నాను. ఆమె క్లచ్ తొక్కి గేరు న్యూట్రల్‌కు తీసింది. ఇంజను కీచుమని అరిచింది. ఆ అరుపుకు బెదరకుండా బ్రేకు మీద గట్టిగా కాలు ఆనించి, స్టీరింగ్ ఎడమకు తిప్పి, మట్టి బాట మీద బండి నిలబెట్టింది. నిలిచాకే తాళం తిప్పింది. బండి కదులుతుండగా తాళం తీసేస్తే స్టీరింగ్ బిగుసుకుపోవచ్చు. చాలామంది డ్రైవర్లకు ఇది తెలియదు. ఆమెకు తెలుసు.

నేను తలుపు పిడి వదిలాను.

"ఆ రోజు గూడ గిట్లనే ఆపొచ్చు గద అక్కా?" అన్నాను.

"మా ఆయన భయంల మంచి చెయ్యితోని గేరు కట్టె పట్టుకున్నడు. తియ్యరాలె. బ్రేకు మీద రెండు కాళ్లు పెట్టిన, గని బండి గుంజుతనే ఉన్నది. కుడిపక్క బస్సు. ముంగట స్కూటర్ మీద ఇద్దరు. ఎడమ పక్క పండ్ల బండ్లు, వాటి ఎనుక ఇసుక. బండ్లు దాటినంక తిప్పిన. గుద్దితే ఇసుకనే గుద్దాలె అనుకున్న."

అంత రద్దీలో, పక్కన భర్త గేరు పట్టుకుని వణుకుతుండగా, ఆమె గుద్దడానికి మెత్తటి చోటు వెతుక్కుంది. ఆమె దేన్ని గుద్దిందో ఊరంతా చూసింది. ఎవరెవర్ని తప్పించిందో ఒక్కరం కూడా చూడలేదు.

జేబులో పెట్టుకున్న ముక్కలు

జబ్బు పట్టుబడింది కాబట్టి అది పారిపోకముందే చూడాలి. వెంటనే బానెట్ ఎత్తాను. వేళ్లు కాలాయి. పెడల్ ఇంకా కిందే ఉంది. ఇలాంటప్పుడు దారిని రెండు ముక్కలుగా విడదీసి చూడాలి. ఇంజను దగ్గర, చక్రం నుంచి కేబుల్ కొస తప్పించాను. తప్పించగానే చక్రం టక్కున వెనక్కి తిరిగింది. అంటే ఇంజను వైపు దోషం లేదు. కేబుల్ తీగను లాగి చూశాను, గొట్టంలో బిగుసుకుపోయి కదలడం లేదు. దోషం కేబుల్‌లోనే ఉంది.

కేబుల్ వెంట వేలు పోనిస్తూ వెనక్కి వెళ్లాను. ఇంజను వెనక, పైనుంచి కనబడని చోట, అది కిందికి జారి పొగగొట్టం మీది రేకుకు ఆనుకుని ఉంది. పైతొడుగు కరిగి నల్లగా మెరుస్తోంది. లోపలి ప్లాస్టిక్ పొర వేడికి మెత్తబడి తీగను పట్టేస్తోంది. చల్లబడితే పొర గట్టిపడి తీగను వదిలేస్తుంది. అందుకే ఆ రోజు షాపులో పెడల్ పదిసార్లూ పైకి వచ్చింది.

మరి కేబుల్ ఎందుకు జారింది? దాన్ని పైన పట్టి ఉంచే క్లిప్ ఒకటి ఉండాలి. ఆ క్లిప్ లేదు. దాని చోట, తీగలు కట్టడానికి వాడే నల్లటి ప్లాస్టిక్ ట్యాగ్ తునకలు రెండు, వేడికి పెళుసై విరిగి, కింద రేకుల మధ్య ఇరుక్కుని ఉన్నాయి. బయటికి తీశాను. ట్యాగ్ కొస ఏటవాలుగా కోసి ఉంది. నేను ట్యాగ్ కోస్తే అలాగే ఏటవాలుగా కోస్తాను.

అప్పుడు గుర్తొచ్చింది. ఎనిమిది నెలల కిందట ఆయిలు కారుతోందని ఇంజను పైమూత విప్పి ప్యాకింగ్ మార్చాను. విప్పేటప్పుడు క్లిప్ విరిగింది. కొత్త క్లిప్ తెప్పించి వేద్దాంలే అని, అప్పటికి ట్యాగ్‌తో కట్టాను. తర్వాత మర్చిపోయాను.

భారతమ్మ నా వెనక నిలబడి ఉంది. "దొరికిందా అన్నా?"

"దొరికింది అక్కా. కేబుల్ పోయింది. నీ తప్పేం లేదు" అన్నాను. ట్యాగ్ ముక్కలు జేబులో వేసుకున్నాను.

ఇంజను చల్లారేదాకా రోడ్డు పక్క కొట్టు దగ్గర చాయ్ తాగాం. ఆమె ఎంత సంతోషంగా ఉందంటే, డ్రైవింగ్ స్కూల్లో మొదటి రోజు గేరు వేయబోయి హారన్ కొట్టిన సంగతి చెప్పి పగలబడి నవ్వింది. పాలకు ఎప్పుడు పోవాలన్నా, ఎరువులకు పోవాలన్నా ఇప్పుడు ఎవరినీ బతిమాలక్కర్లేదంది. నేను తల ఊపుతూ కూర్చున్నాను. నా జేబులో ఉన్నదాని గురించి చెప్పడానికి ఆ అరగంటలో పది అవకాశాలు వచ్చాయి. చెప్పలేదు. కేబుల్‌ను వేడికి దూరంగా తీగతో కట్టి, నెమ్మదిగా నేనే బండి నడిపి షాపుకు తెచ్చాను.

మర్నాడు కొత్త కేబుల్, అసలు క్లిప్ వేశాను. ఆమె వచ్చి బండి తీసుకుంటూ, "ఇంటికొచ్చి చెప్తనన్నవ్, ఎప్పుడొస్తవ్?" అంది. "రేపొస్త అక్కా" అన్నాను. రేపు వెళ్లలేదు. వెళ్తే కేబుల్ ఎందుకు పోయిందని సత్తిరెడ్డి తప్పకుండా అడుగుతాడు.

మూడో రోజు నా భార్య లక్ష్మి అడిగింది, రెండు రోజులుగా అన్నం కెలుకుతున్నావు, ఏమైందని. మొత్తం చెప్పాను. ఆమె నన్ను తిట్టలేదు, ఓదార్చలేదు. "ఆమెను పది మందిల అన్నవ్. గిది గూడ పది మందిల చెప్పి రా" అంది.

బాల్‌రెడ్డి ఇంటి అరుగు మీద

ఆ సాయంత్రమే వెళ్లాను. బాల్‌రెడ్డి అరుగు మీద కుర్చీలో కూర్చుని ఉన్నాడు. భారతమ్మ చాటలో పెసలు చెరుగుతోంది. సత్తిరెడ్డి, ఇంకో ఇద్దరు రైతులు ఏదో ప్లాటు గురించి మాట్లాడుకుంటున్నారు. నన్ను కూర్చోమన్నారు. కూర్చుంటే మాట రాదని నిలబడే చెప్పాను.

"సత్తిరెడ్డీ, ఆ రోజు షాపుల నేను చెప్పింది తప్పు. పెడల్ పట్టింది నిజం. అక్క పక్కన కూసోని నా కండ్లతోని చూసిన."

"మరి మంచిగనే ఉన్నదంటివి?"

"సల్లబడ్డ బండిని చూసి చెప్పిన. అక్కను ఒక్క మాట అడగలే." జేబులోంచి ట్యాగ్ ముక్కలు తీసి అరుగు మీద పెట్టాను. "ఇంకోటున్నది. అది పట్టడానికి కారణం గూడ నేనే. క్లిప్ ఇరిగితే గీ ప్లాస్టిక్‌తోని కట్టి ఇడిసిపెట్టిన. మల్ల వేస్తనని మర్సిపోయిన. గిది ఇరిగి కేబుల్ వేడి మీద పడ్డది."

సత్తిరెడ్డి లేచి నిలబడ్డాడు. "అంటే మా అన్న, వదిన పానాలు నీ చేతుల పోతుండె."

"అవ్" అన్నాను.

మిగతా ఇద్దరూ తలలు దించుకున్నారు. "నిన్ను నమ్మి నేను ఆమెను బజార్ల అన్న" అన్నాడు సత్తిరెడ్డి, ఈసారి గొంతు తగ్గించి. భారతమ్మ చేతిలో చాట కదలకుండా ఉంది. ఆమె మొహంలోకి చూడటానికి నాకు ధైర్యం చాలలేదు.

అప్పుడు బాల్‌రెడ్డి గొంతు సవరించుకున్నాడు. ఆయన మాట్లాడాలంటే చాలాసేపు పడుతుంది, అందరూ ఆగారు.

"తా... తాళమియ్యి" అన్నాడు తమ్ముడితో.

సత్తిరెడ్డి ఒక నిమిషం అన్నను చూశాడు. జేబులోంచి తాళం తీసి, వెళ్లి వదిన పక్కన అరుగు మీద పెట్టాడు. ఆమె చాట దించింది. తాళం తీసి కొంగున ముడి వేసుకుంది. తర్వాత నన్ను అడిగింది:

"కొత్త క్లిప్ గట్టిగ బిగించినవా?"

"బిగించిన అక్కా."

"రేపు పొద్దుగాల దవాఖాన ఉన్నది. బండి నమ్మొచ్చా?"

"నమ్మొచ్చు."

"అయితే కూసో. చాయ్ తాగి పో" అని లోపలికి వెళ్లింది.

ఆ చాయ్ కూర్చుని తాగాను. అంతకు ముందు, ఆ తర్వాత ఎన్నో ఇళ్లలో చాయ్ తాగాను. అంత గౌరవం నాకు ఇంకెక్కడా దక్కలేదు.

తర్వాత

ఆ సంగతి ఊళ్లో పాకింది. కొందరు నా షాపుకు రావడం మానేశారు, వాళ్లను తప్పుపట్టను. భారతమ్మ మాత్రం ప్రతి సర్వీసుకూ వచ్చింది. ఆమె వల్ల నేను మళ్లీ కార్డు పెట్టాను. బండి నడిపినవాళ్లనే అడిగి, వాళ్ల మాటల్లోనే రాసుకునేవాణ్ని. పెడల్ పడుతోందని ఎవరైనా అంటే, పక్కన కూర్చుని ఇంజను వేడెక్కేదాకా తిరిగేవాణ్ని. తాత్కాలికంగా కట్టిన ఏ కట్టైనా, అసలుది వేసేదాకా స్టీరింగ్‌కు ఎర్ర గుడ్డ ముక్క కట్టి ఉంచేవాణ్ని, నేను మర్చిపోయినా అది మర్చిపోకుండా. ఏడాది తిరిగేసరికి బాల్‌రెడ్డి కర్ర పట్టుకుని తనంతట తాను కారెక్కేవాడు. ఎక్కి, మంచి చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు, గేరు వైపు పోనివ్వకుండా. అది చూసి భారతమ్మ ప్రతిసారీ నవ్వేది.

సత్తిరెడ్డి మాత్రం రోడ్డు మీద ఎదురైనా పలకరించేవాడు కాదు. మొదటి మూడు నెలలు అలాగే గడిచాయి. ఒక ఉదయం నేను షట్టర్ ఎత్తుతుంటే, తన జీపు తెచ్చి షాపు ముందు ఆపాడు. దిగి, నాకేసి చూడకుండా టైరు వైపు చూస్తూ అన్నాడు:

"బ్రేకు కొడితే ఎడమ పక్కకు గుంజుతున్నది. చూడు."

"నా దగ్గరికే తెచ్చినవా రెడ్డీ?" అన్నాను. అడక్కుండా ఉండలేకపోయాను.

"తప్పు జేస్తే ఇంటికొచ్చి చెప్పేటోడు ఇంకెవడున్నడు ఈడ?" అన్నాడు. తాళం నా చేతిలో పెట్టి, రెండడుగులు వేసి, వెనక్కి తిరిగాడు.

"గని ఈసారి తప్పు జెయ్యకు."